రెండు రోజులు, ఒక రాత్రి, ఇద్దరు మనుషులు: లక్నవరమా, అనంతగిరా, సోమశిలా?

హైదరాబాద్‌లో ఉంటూ, అడవి మధ్య నీళ్ళ పక్కన ఒక రాత్రి గడిపి రావాలనుకునే జంటకు చోట్ల కొరత లేదు. కొరతంతా శని, ఆదివారాలకే. అందుకే చాలామంది ముందు చోటు ఖాయం చేసుకుంటారు, తర్వాత సెలవు చూసుకుంటారు, బండి సంగతి ఆఖర్న ఆలోచిస్తారు. ఆ వరుసే తలకిందులు. ఏప్రిల్‌లో లక్నవరం చెరువుకు వెళ్ళినవాళ్ళకు వేలాడే వంతెన కింద ఎండిన శిఖం, అంటే చెరువు అడుగు నేల, కనిపిస్తుంది. బస్సులో వెళ్ళినవాళ్ళు రహదారి మీది చల్వాయిలో దిగాక చెరువు ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందని తెలుసుకుని ఆటో కోసం నిలబడతారు. శనివారం రాత్రికి రూము తీసుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున పదికల్లా జాతరలాంటి గుంపులో చిక్కుకుంటారు. ఈ మూడింటిలోనూ చెరువు తప్పేమీ లేదు.

ముందు నెల చూసుకోండి. తర్వాత ప్రయాణం ఎలాగో, ఆ తర్వాత వారంలో ఏ రాత్రో. ఈ మూడూ తేలితే ఊరు దానంతటదే తేలుతుంది.

ఒక రాత్రికి సరిపోయే దూరంలో పోల్చదగ్గవి నాలుగు: ములుగు జిల్లా లక్నవరం, వికారాబాద్ అనంతగిరి కొండలూ కోటపల్లి రిజర్వాయరూ, కొల్లాపూర్ దగ్గరి సోమశిల, శ్రీశైలం దారిలోని మన్ననూరు. పాకాల, పోచారం పగటిపూట వెళ్ళొచ్చే చోట్లు, వాటికి చివర్లో నాలుగు మాటలు చాలు. కిన్నెరసాని, కడెం మంచి చోట్లే కానీ ఒక్క రాత్రికి దూరం ఎక్కువ. రెండో రోజంతా స్టీరింగ్ ముందే గడిచిపోతుంది.

నీళ్ళు ఎప్పుడుంటాయి

మన చెరువులు పొలాల కోసం కట్టినవి, ఫొటోల కోసం కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో నిండుతాయి, మంచి ఏడాదైతే మత్తడి దుంకుతాయి. యాసంగికి తూములు తెరిచాక జనవరి నుంచి మట్టం దిగడం మొదలవుతుంది. మార్చికల్లా ఒడ్డు వెనక్కి జరిగిపోయి, నీళ్ళకూ మీకూ మధ్య బురద వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని ద్వీపాలు ఇక ద్వీపాలు కావు, ఎండిన నేలలో గుట్టలు. లక్నవరం, పాకాల, కోటపల్లి, పోచారం అన్నిటికీ దాదాపు ఇదే లెక్క. అక్టోబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా మూడు నెలలు, పోచారం మినహా, వీటికి అసలైన కాలం. అడవి అప్పటికింకా పచ్చగానే ఉంటుంది, వానలు వెనకబడి ఉంటాయి.

సోమశిల లెక్క వేరు. అక్కడున్నది చెరువు కాదు, శ్రీశైలం రిజర్వాయర్ వెనక జలాలు. హైదరాబాద్‌లో వాన పడిందా లేదా అన్నదానితో పని లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో కృష్ణకు వరద వస్తే నిండుతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. జూలై చివర, ఆగస్టుల్లో ఎగువనున్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారన్న వార్త వచ్చాక రోజూ శ్రీశైలం మట్టం ఒక చూపు చూస్తే చాలు. 880 దరిదాపుల్లో ఉందంటే సోమశిల ఒడ్డున నీళ్ళు మెట్ల దాకా వచ్చి ఉంటాయి. వేసవిలో మట్టం బాగా పడిపోయాక అవతలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ వైపు, మునిగి ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. అంటే నాలుగింటిలో వేసవిలోనూ వెళ్ళడానికి ఒక కారణం మిగిలేది సోమశిల ఒక్కటే. పైగా కొల్లాపూర్ మామిడి కూడా అప్పుడే వస్తుంది.

మన్ననూరుకు నీళ్ళ క్యాలెండర్ కంటే అడవి క్యాలెండర్ ముఖ్యం. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు. పచ్చదనం కోసం ఆగస్టులో వెళ్తే పచ్చదనం దొరుకుతుంది, సఫారీ దొరకదు.

జూలై, ఆగస్టుల్లో ములుగు వైపు వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2023 జూలై చివరి వారంలో రామప్పకు దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ ప్రాంతంలో వాగులు రోడ్డు మీదికి రావడానికి గంటలు చాలు. రెడ్ అలర్ట్ ఉంటే రూము డబ్బులు పోయినా సరే, ఆ వారం వద్దు.

ఖర్చు రూములో లేదు, దారిలో ఉంది

అందరూ రూము అద్దె పోల్చి చూస్తారు. ఇద్దరే వెళ్ళేటప్పుడు అసలు తేడా ప్రయాణంలో వస్తుంది, ఎందుకంటే కారు ఖర్చు నలుగురైనా ఇద్దరైనా ఒకటే. పెట్రోలు లీటరు 107 రూపాయలు, కారు లీటరుకు 16 కిలోమీటర్లు, బైకు 45 ఇస్తాయనుకుని లెక్క వేద్దాం. స్థానికంగా తిరిగేది కూడా కలిపితే లక్నవరానికి రానుపోను సుమారు 500 కిలోమీటర్లు: కారుకు 3,350 రూపాయలు, బైకుకు 1,200. సోమశిలకు 420 కిలోమీటర్లు: కారుకు 2,800, బైకుకు వెయ్యి. అనంతగిరి, కోటపల్లి కలిపి 220 కిలోమీటర్లు: కారుకు 1,500 లోపు, బైకుకు 525. టోల్ దీనికి అదనం. వరంగల్ దారిలో బీబీనగర్ దగ్గరి గూడూరు, ఆ తర్వాత కోమళ్ళ వస్తాయి, జడ్చర్ల దారిలో రాయికల్ వస్తుంది. బైకుకు టోల్ ఉండదు.

ఇద్దరికీ మొత్తం 6,000 రూపాయలనుకుంటే, రెండు పూటల భోజనం, రాత్రి తిండి, టిఫిన్లు, టీలకు 1,600, బోటుకూ ప్రవేశ రుసుముకూ 600 పక్కన పెట్టండి. మిగిలిన 3,800లో కారులో లక్నవరం వెళ్తే టోల్ కట్టకముందే రూముకు 450 మిగులుతుంది. అంటే కుదరదు. అదే డబ్బుతో కారులో అనంతగిరి వెళ్తే రూముకు 2,300, బైకు మీద వెళ్తే 3,200 పైన మిగులుతుంది. బైకు మీద లక్నవరమైతే 2,600. ఆరు వేలు దాటకూడదు, కారు తప్ప వేరే దారి లేదు అనుకుంటే ఇక్కడే ఆగి వికారాబాద్ వైపు తిరగండి.

బస్సు సంగతి వేరు. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి జంటకు ఒక్క టికెట్టే. రాష్ట్ర చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే ఇది వర్తించదు. హనుమకొండకు సూపర్ లగ్జరీ ఎక్కి ఇద్దరికీ డబ్బు కట్టేకంటే, ఎక్స్‌ప్రెస్ ఎక్కి మిగిలినదాంతో చల్వాయి నుంచి ఆటో మాట్లాడుకోవడం తెలివైన పని.

లక్నవరం

ఎక్కువమంది మనసులో ఉన్నది ఇదే, నెల సరైనదైతే పేరు నిలబెట్టుకునేదీ ఇదే. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, కొండల మధ్య ఉన్న మూడు ఇరుకు సందులకు అడ్డంగా కట్టలు వేసి ఈ చెరువును నిలిపారు. మిగతా హద్దంతా కొండలే. అందుకే చెరువు గుండ్రంగా ఉండదు. లోయల్లోకి చేతులు చాచినట్టు ఉంటుంది, మధ్యలో మునగకుండా మిగిలిన గుట్టలే ద్వీపాలు. కట్ట మీద నిలబడితే చెరువు మొత్తం కనిపించదు. చెరువు అసలు రూపం తెలియాలంటే బోటెక్కాలి.

దారి సులువు. హైదరాబాద్, వరంగల్, ములుగు దాటి 163 జాతీయ రహదారి మీదే చల్వాయి దాకా వెళ్ళి కుడివైపు తిరగాలి. మొత్తం సుమారు 215 కిలోమీటర్లు, మధ్యలో ఒక్కసారి ఆగితే నాలుగున్నర గంటలు. అసలు చిక్కు ఉప్పల్, నారపల్లి మధ్య. మాదాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఊళ్ళో దూరకుండా అవుటర్ మీద ఘట్‌కేసర్ దాకా వెళ్ళి దిగితే, కిలోమీటర్లు పెరిగినా గంట దాకా కలిసొస్తుంది. డిసెంబర్, జనవరుల్లో తెల్లవారుజామున దారి పొడవునా పొగమంచు ఉంటుంది. ఐదింటికి బయల్దేరి సాధించేది ఏమీ లేదు, ఆరున్నర దాటాక కదలండి.

బస చేయడానికి పర్యాటక సంస్థ హరిత కాటేజీలు ఉన్నాయి, కొన్ని ఒడ్డున, కొన్ని ద్వీపంలో. మొదటి ద్వీపానికి వేలాడే వంతెన మీద నడిచి వెళ్ళాలి. మూడో ద్వీపంలో 2024 నవంబర్‌లో మొదలైన రిసార్ట్‌కు బోటు మీదే వెళ్ళాలి, దాని ధర కూడా వేరే లోకంలో ఉంటుంది. తక్కువ ఖర్చు యాత్రకు అది లెక్కలోకి రాదు. ఒడ్డు కాటేజా, ద్వీపం కాటేజా అన్న ప్రశ్నకు మా మాట ద్వీపమే, కాకపోతే కారణం నీళ్ళు కాదు. సాయంత్రం పగటి సందర్శకులను పంపించేశాక ద్వీపంలో మిగిలేది బస చేసినవాళ్ళే. ఒడ్డున పార్కింగ్ చప్పుడు, పిక్నిక్ బృందాల స్పీకర్లు తప్పవు. కానీ ట్రాలీ సూట్‌కేసుతో ఊగే వంతెన మీద నడవడం నరకం, వీపుకు తగిలించుకునే బ్యాగే తెచ్చుకోండి.

ఇక వారంలో ఏ రాత్రి? శనివారం మాత్రం వద్దు. కుదిరితే ఆదివారం రాత్రి ఉండండి, సోమవారం సెలవు పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు చేరుకుంటే గుంపు తిరుగుముఖం పడుతూ ఉంటుంది, వంతెన మీద నడవడానికి చోటు ఉంటుంది. సోమవారం పొద్దున ఏడింటికి చెరువు మీద మీరిద్దరే. పర్యాటక సంస్థ రూములకు వారాంతంలో ఒక ధర, మామూలు రోజుల్లో ఇంకో ధర ఉండటం మామూలే కాబట్టి డబ్బూ మిగులుతుంది. శనివారం వెళ్ళి ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేవాళ్ళకు ఇంకో శిక్ష ఉంది: యాదగిరిగుట్ట నుంచి తిరిగొచ్చే బళ్ళతో కలిసి బీబీనగర్ నుంచి ఉప్పల్ దాకా పాకడం.

రామప్ప గుడిని వెళ్ళేటప్పుడు చూడాలా, వచ్చేటప్పుడా? వచ్చేటప్పుడే. లక్నవరం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. గుడి తూర్పు ముఖం, పొద్దున వెలుగు మండపం కింది మదనికల (స్త్రీ శిల్పాల) మీద నేరుగా పడుతుంది. మధ్యాహ్నం చేరితే ఆవరణలో రాతి పలకలు కాలుతుంటాయి, చెప్పులు బయటే విడవాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చినప్పటి నుంచి వారాంతాల్లో రద్దీ పెరిగింది. సోమవారం పొద్దున వెళ్ళమనడానికి అదీ ఒక కారణం. గుడి వెనక రామప్ప చెరువు కట్ట మీదికి పది నిమిషాలు వెళ్ళి రండి, చాలామంది దాన్ని వదిలేసి వెళ్ళిపోతారు.

బండి లేనివాళ్ళు సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలెక్కి, హనుమకొండ బస్టాండ్‌లో ఏటూరునాగారం వైపు వెళ్ళే బస్సు పట్టుకుని చల్వాయిలో దిగాలి. అక్కడి నుంచి ఆటో. అన్నీ కలిసొచ్చినా ఐదున్నర గంటలు. చేసే పొరపాటు ఒక్కటే: ఆటో అతన్ని పంపించేసి, తిరుగు ప్రయాణానికి ఇంకో ఆటో దొరుకుతుందనుకోవడం. దొరకదు. దిగేటప్పుడే అతని నంబరు తీసుకుని, మర్నాడు ఎన్నింటికి రావాలో, రామప్ప కూడా తిప్పితే ఎంతో మాట్లాడేసుకోండి.

సరి సంవత్సరాల్లో మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. జాతరకు ముందూ వెనకా రెండు వారాలు ఇదే రహదారి మీద రాష్ట్రమంతా కదులుతుంది. ఆ రోజుల్లో చెరువు యాత్ర పెట్టుకోవద్దు, జాతరకైతే జాతరకే వెళ్ళండి.

అనంతగిరి, కోటపల్లి

దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఎక్కువ. దగ్గర కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చని. బండి లేనివాళ్ళకూ, పెళ్ళైన కొత్తలో నెలాఖరు లెక్కలు చూసుకునేవాళ్ళకూ దీన్ని మించింది లేదు. వికారాబాద్ జంక్షన్‌కు సికింద్రాబాద్ నుంచీ లింగంపల్లి నుంచీ రైళ్ళున్నాయి. స్టేషన్ నుంచి అనంతగిరి ఐదారు కిలోమీటర్లు, ఆటో దొరుకుతుంది. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నగరంలో చూసే మూసీని మనసులో పెట్టుకుని వెళ్తే ఆశ్చర్యపోతారు.

లోపం కూడా చెప్పాలి. కొండా నీళ్ళూ ఒకేచోట లేవు. రూము అనంతగిరిలో, నీళ్ళు ధారూర్ దాటాక కోటపల్లిలో, మధ్యలో ఇరవై కిలోమీటర్ల పైన. కిటికీ తెరిస్తే చెరువు కనిపించాలనుకునేవాళ్ళకు ఇది సరిపడదు. బండి లేకపోతే ఆటోను సగం రోజుకు మాట్లాడుకోవాలి. అప్పుడు కోటపల్లి, బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి, స్టేషన్ అని ఆగేచోట్లన్నీ ముందే చెప్పి మొత్తం ధర ఖాయం చేసుకోండి. చోటు చోటుకూ వేరుగా మాట్లాడితే రెండింతలు అవుతుంది.

కోటపల్లికి వెళ్ళేది కయాకింగ్ కోసం. బోట్లు నడుపుతున్నారో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి, నీళ్ళు తగ్గినప్పుడూ అనుమతుల గొడవ వచ్చినప్పుడూ ఆగిపోతుంటాయి. పొద్దున తొమ్మిదిలోపు నీళ్ళు అద్దంలా ఉంటాయి. పదకొండు దాటితే గాలి లేస్తుంది. మొదటిసారి తెడ్డు పట్టినవాళ్ళు గాలివాటున హాయిగా అవతలి ఒడ్డుకు చేరి, తిరిగి రావడానికి నానా తంటాలు పడేది అప్పుడే. ముందు గాలికి ఎదురెళ్ళండి, అలసిపోయాక గాలే వెనక్కి తెస్తుంది. ఇద్దరి కయాక్‌లో బరువైనవాళ్ళు వెనక కూర్చోవాలి. ముందున్నవాళ్ళు వేగం పట్టాలి, వెనకున్నవాళ్ళు దిశ చూసుకోవాలి. ఇద్దరూ దిశ చూస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది, మాటా మాటా పెరుగుతుంది. రిమోట్ ఉన్న కారు తాళం జేబులో పెట్టుకుని ఎక్కకండి. ఫోన్‌కు కవరు తెచ్చుకునేవాళ్ళు కూడా తాళం సంగతి మరిచిపోతారు. తడిస్తే ఆ యాత్ర మొత్తం ఖర్చు తాళానికే అవుతుంది.

చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా వెళ్ళే రోడ్డు కూడా 163 జాతీయ రహదారే. లక్నవరానికి ఒక కొస పట్టుకుంటే అనంతగిరికి రెండో కొస అన్నమాట. కానీ ఈ వైపు రోడ్డు వేరు. పాత మర్రిచెట్ల మధ్య ఇరుకు దారి, టిప్పర్లు, అక్కడక్కడా విస్తరణ పనులు. బైకు మీద చీకటి పడ్డాక ఈ దారి వద్దు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడుకల్లా మొదలుపెట్టండి.

పచ్చటి కొండ, మంచు కావాలంటే ఇక్కడికి ఆగస్టు, సెప్టెంబర్‌లు సరైన నెలలు. లక్నవరానికి వాన భయం ఉన్న నెలలే అనంతగిరికి మంచి నెలలు. ఈ రెండింటి మధ్య తేల్చుకోలేనివాళ్ళు నెల చూసుకుంటే చాలు.

సోమశిల

మాట్లాడుకోవడానికి వెళ్ళే జంటకు, తిరగడానికి కాదు, మా ఎంపిక ఇది. చూడాల్సినవి తక్కువ, అదే దాని గొప్ప. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సుమారు 190 కిలోమీటర్లు. ఒడ్డున లలితా సోమేశ్వర ఆలయ సముదాయం, హరిత కాటేజీలు, ఎదురుగా కృష్ణ, అవతల నల్లమల. అంతే. ఎంజీబీఎస్ నుంచి కొల్లాపూర్‌కు నేరుగా బస్సులున్నాయి, అక్కడి నుంచి పది కిలోమీటర్ల లోపే, ఆటోలో వెళ్ళొచ్చు. బస్సులో వెళ్ళి నీళ్ళ పక్కనే బస చేయగలిగేది, మర్నాడు ఇబ్బంది లేకుండా తిరిగి రాగలిగేది నాలుగింటిలో ఇదొక్కటే.

నీళ్ళు నిండుగా ఉన్న నెలల్లో ఇక్కడి నుంచి శ్రీశైలానికి లాంచీ ప్రయాణం ఉంటుంది, నల్లమల మధ్య నుంచి. దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్ళకండి. మట్టం, గాలి, ఎక్కేవాళ్ళ సంఖ్య మూడూ కుదిరితేనే కదులుతుంది. కదిలిందంటే దాదాపు ఒక రోజంతా దానికే పోతుంది, కారు సోమశిలలోనే ఉండిపోతుంది. ఒక రాత్రి యాత్రలో అది ఇమడదు. చిన్న బోటులో గంట తిరిగి రావడం చాలు.

తిండి విషయంలో ఇక్కడ లోటు లేదు. ఒడ్డున చేపలు వేయిస్తారు. వేయించకముందే రెండు సంగతులు తేల్చుకోండి: ధర కిలోకా ముక్కకా, తూకం శుభ్రం చేయకముందా తర్వాతా. ఇద్దరికి కిలో బొచ్చె ఎక్కువే, ముప్పావు కిలో చెప్పండి. కొర్రమీను అడిగితే ధర చాలా పైకి పోతుంది, బతికి ఉన్నది చూపిస్తేనే తీసుకోండి. రాత్రి తిండికి మాత్రం సాయంత్రం ఆరింటికే చెప్పి పెట్టాలి. జనం లేని రోజున వంట చేసి పెట్టుకోరు, తొమ్మిదింటికి అడిగితే ఆమ్లెట్టే గతి.

జాలర్ల పుట్టి ఎక్కి ఫొటో దిగాలన్న సరదా చాలామందికి ఉంటుంది. అలవాటు లేని మనిషి లేచి నిలబడితే పుట్టి ఒక పక్కకు ఒరుగుతుంది. లైఫ్ జాకెట్ ఉండదు, అడుగు లోతెంతో తెలియదు. ఒడ్డున ఆగి ఉన్న పుట్టిలో ఫొటో దిగి తృప్తి పడండి.

మన్ననూరు

చెరువు కంటే అడవి ముఖ్యం అనుకునేవాళ్ళకు. హైదరాబాద్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. అటవీశాఖ బస, సఫారీ కలిపి ఇద్దరికి ప్యాకేజీగా ఇస్తుంది. విడివిడిగా పెట్టే ఖర్చులన్నీ అందులోనే కాబట్టి చూడగానే ధర ఎక్కువనిపించినా లెక్క వేస్తే పరవాలేదు. పులి కనిపిస్తుందని వెళ్ళొద్దు. జింకలు, నెమళ్ళు, గట్టి నిశ్శబ్దం కోసం వెళ్ళండి. నీళ్ళు చూడాలంటే శ్రీశైలం దారిలో ముందుకెళ్ళి ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర ఆగాలి. కృష్ణ వెనక జలాలు అడవిలోకి చేతులు చాచినట్టు కనిపించేది అక్కడి నుంచే. మల్లెలతీర్థానికి రహదారి నుంచి లోపలికి వెళ్ళి వందల మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉంటే వదిలేయండి.

రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ అటవీ రహదారి మూసేస్తారు. ఆఫీసు అయ్యాక శుక్రవారం బయల్దేరి గేటు దగ్గర ఇరుక్కునేవాళ్ళు ప్రతివారం ఉంటారు. పెట్రోలు అచ్చంపేట దగ్గరే నింపుకోండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు లోపలికి తేవద్దు. కోతులకు చిప్స్ ప్యాకెట్ చప్పుడు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

పాకాల, పోచారం

పాకాల కాకతీయుల కాలం చెరువే. అభయారణ్యం మధ్యలో, నర్సంపేటకు దగ్గర్లో, లక్నవరం కంటే విశాలంగా, ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. అందంలో చూస్తే మొదటి స్థానం దీనిదేనేమో. ఇబ్బంది బసలోనే: రూములు కొన్నే, తిండి ఏర్పాట్లు అంతంతమాత్రం. వరంగల్‌లో రాత్రి ఉండి, పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావడం మేలు.

పోచారం, మెదక్ కలిపి ఒక్క రోజు. సుమారు 110 కిలోమీటర్లు. మత్తడి దుంకే ఆగస్టు, సెప్టెంబర్‌లలో అయితే వెళ్ళాల్సిందే, లేకపోతే అంత దూరం ఎందుకు. మెదక్ చర్చి దారిలోనే.

రూముకు డబ్బు కట్టేముందు ఫోన్‌లో అడగాల్సినవి

ఆన్‌లైన్ ఫొటో చూసి కట్టేయకండి, ఒక్క ఫోన్ చేయండి. చెకిన్ ఎన్నింటికి? కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు, కొన్నిచోట్ల రెండు. నీళ్ళు కనిపించే గదా, పార్కింగ్ కనిపించే గదా? లేక్ వ్యూ అని రాసినంత మాత్రాన కిటికీ అటువైపు ఉండాలని లేదు. కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడానా, లైట్లకేనా? రాత్రి వంట ఎన్నింటికి ఆపుతారు? కిటికీలకు దోమల జాలీ ఉందా? ములుగు ఏజెన్సీలో మలేరియా మాట మామూలే, ఆలౌటూ ఒంటికి రాసుకునే ఓడోమాసూ రెండూ వెంట ఉండాలి. చెప్పిన ధర జీఎస్టీ కలిపా, విడిగానా?

గుర్తింపు కార్డు ఇద్దరిదీ ఒరిజినల్ కావాలి. ఆధార్‌లో ఇంటిపేర్లు, చిరునామాలు వేరుగా ఉన్న కొత్త దంపతులనూ, పెళ్ళి కాని జంటలనూ కొన్ని ప్రైవేటు లాడ్జీలు కౌంటర్ దగ్గర తిప్పి పంపిస్తుంటాయి. వయసు వచ్చిన ఇద్దరికి రూము ఇవ్వకూడదన్న చట్టమేదీ లేదు, కానీ రాత్రి ఎనిమిదింటికి అడవి పక్కన చట్టం వాదించి లాభం లేదు. ముందే ఫోన్‌లో సూటిగా అడిగి, ఒప్పుకుంటే వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి.

నగదు కనీసం 2,000, చిల్లరతో. లోయల్లో సిగ్నల్ సరిగా ఉండదు, బోటు కౌంటర్ దగ్గర యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, వెనక వరుస పెరుగుతుంది.

ఈత గురించి ఒక్క ముక్క: వద్దు. ఒడ్డున మోకాలి లోతు చూసి దిగితే, రెండడుగుల అవతల పూడిక తీసిన గుంత నిలువు లోతు ఉండొచ్చు. నీళ్ళు నిండాక పైనుంచి తేడా తెలియదు. చెరువు ప్రమాదాల్లో ఎక్కువ ఇలా జరిగేవే. ఈత వచ్చినా బురద కాలు పట్టేస్తుంది.

అన్నీ కుదిరాక బయల్దేరే ముందురోజు వాన హెచ్చరిక వస్తే, అదే తేదీకి ఇంకో చెరువు వెతక్కండి. ములుగులో రెడ్ అలర్ట్ ఉన్న రోజున పాకాలకూ అదే వాన. హరిత కౌంటర్‌కు ఫోన్ చేసి తేదీ మార్చగలరా అని ముందు అడగండి, రద్దు చేయమని తర్వాత అడగండి. తేదీ మార్చడానికి ఒప్పుకుంటే కొత్త తేదీ ఆదివారమే పెట్టించుకోండి.